గడ్డుకాలంలో సొంత ఇంటి ఆశ: ఆధారాలు, హద్దులు

ఆదాయాలు నిలకడ తప్పి, సిమెంటు, ఇనుము, ఇసుక ధరలు ఏటికేడు పెరుగుతూ, ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేని కాలంలో ఒక సామాన్య కుటుంబం సొంత ఇంటి మీద, దానితోపాటు తన భవిష్యత్తు మీద నమ్మకం నిలుపుకోవడం సమంజసమేనా అన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం, ప్రభుత్వ విధానాల చరిత్ర వేర్వేరు దిక్కుల నుంచి సమాధానాలు వెతుకుతూ వచ్చాయి. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న తెలుగు సామెత ఈ పనిలోని కష్టాన్ని ఏనాడో గుర్తించింది. అయినా తెలుగునాట ఏ తరమూ ఇల్లు కట్టాలనే సంకల్పాన్ని వదులుకోలేదు. ఈ పట్టుదలను కొందరు అప్పుల ఊబికి దారితీసే మోజుగా చూస్తే, మరికొందరు కుటుంబాన్ని నిలబెట్టే శక్తిగా చూశారు. రెండు పక్షాల వద్దా చెప్పుకోదగిన ఆధారాలున్నాయి. వాటన్నిటినీ ఒకచోట పెట్టి పరిశీలిస్తే తేలేది ఇది: ఇంటి ధర పెరుగుతుందన్న అంచనా మీద నిలిచిన ఆశ కష్టకాలంలో కూలిపోతుంది; చెడ్డ సంవత్సరం వచ్చినా ఇల్లు చేయి జారదన్న ఏర్పాటు మీద నిలిచిన ఆశ కష్టకాలాన్ని దాటుతుంది. ఆ ఏర్పాటులో కొంత కుటుంబం చేతిలో ఉంటుంది. పెద్ద భాగం బ్యాంకులు, చట్టాలు, ప్రభుత్వాల చేతుల్లో ఉంటుంది.

ఆశావాదం: శాస్త్రం చేసిన విభజన

తనకు మాత్రం చెడు జరగదని, జరిగితే ఇతరులకే జరుగుతుందని మనిషి నమ్మే ధోరణిని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త నీల్ వైన్‌స్టీన్ 1980లో ప్రచురించిన అధ్యయనంలో ‘అవాస్తవిక ఆశావాదం’గా వర్ణించాడు. గృహరుణం తీసుకునేటప్పుడు ఈ ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. 20 ఏళ్ల వాయిదాల పత్రం మీద సంతకం చేసేవారిలో చాలామంది ఆ 20 ఏళ్లలో తమకు ఒక్కసారైనా ఉద్యోగం పోవచ్చునని, ఇంట్లో ఒక పెద్ద జబ్బు రావచ్చునని, వడ్డీరేటు రెండు శాతం పెరగవచ్చునని లెక్క వేసుకోరు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి.ఆర్. స్నైడర్ 1990లలో రూపొందించిన ఆశా సిద్ధాంతం దీనికి భిన్నమైన మనఃస్థితిని వివరించింది. ఆ సిద్ధాంతం ప్రకారం ఆశకు మూడు అంగాలున్నాయి: చేరవలసిన గమ్యం, అక్కడికి చేర్చే దారులు, ఆ దారిన తాను నడవగలనన్న విశ్వాసం. ఒక దారి మూసుకుపోయినప్పుడు మరో దారి వెతకగలగడం నిజమైన ఆశకు గుర్తు. ఈ కొలతతో చూస్తే ‘ఎలాగో జరిగిపోతుంది’ అనుకునే మనిషి కంటే, వడ్డీ పెరిగితే ఏ ఖర్చు తగ్గించాలో, ఆదాయం ఆగితే ఎన్ని నెలలు నెట్టుకురాగలమో ముందే ఆలోచించి పెట్టుకున్న మనిషే గట్టి ఆశావాది.

ఆశ ఒక్క మనిషి మనసులోనే పుట్టదని, చుట్టూ ఉన్న సమాజాన్ని చూసి కూడా పుడుతుందని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1973లో వాదించాడు. సొరంగ మార్గంలో వాహనాలన్నీ ఆగిపోయినప్పుడు పక్క వరుస కదిలితే, తమ వరుస కూడా కదులుతుందని జనం మొదట సంతోషిస్తారని, ఎంతసేపటికీ తమ వరుస కదలకపోతే ఆ సంతోషమే ఆగ్రహంగా మారుతుందని ఆయన వివరించాడు. వీధిలో నలుగురు ఇళ్లు కట్టుకుంటే అయిదో కుటుంబానికి ధైర్యం కలుగుతుంది. ఏళ్లు గడిచినా దరఖాస్తు దరఖాస్తుగానే ఉండిపోతే ఆ ధైర్యం ప్రభుత్వం మీద, వ్యవస్థ మీద అపనమ్మకంగా మారుతుంది. అందువల్ల జనంలో ఆశ తగ్గిందని నిందించే ముందు వారి వరుస ఎందుకు కదలడం లేదో అడగడం విధానకర్తల మొదటి బాధ్యత.

రెండు సంక్షోభాలు, రెండు పాఠాలు

సొంత ఇంటి ఆశకు, ఆర్థిక సంక్షోభానికి మధ్య సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి అమెరికా చరిత్రలోని రెండు ఘట్టాలను పరిశోధకులు తరచుగా ఎదురెదురుగా పెట్టి చూస్తారు. 1930లకు ముందు అక్కడి గృహరుణాలు ఎక్కువగా స్వల్పకాలికమైనవి. అయిదు నుంచి పదేళ్లలోపు గడువు, మధ్యలో చాలావరకు వడ్డీ చెల్లింపులు మాత్రమే, గడువు ముగిసేనాటికి అసలు మొత్తం ఒకేసారి కట్టడం లేదా మళ్లీ అప్పు తెచ్చుకోవడం అప్పటి పద్ధతి. మహామాంద్యంలో బ్యాంకులు కొత్త అప్పు ఇవ్వడం ఆపేసరికి, క్రమంగా వడ్డీ కడుతున్న కుటుంబాలు కూడా ఇళ్లు పోగొట్టుకున్నాయి. 1933లో ఏర్పడిన గృహ యజమానుల రుణ సంస్థ సుమారు పది లక్షల రుణాలను తన చేతిలోకి తీసుకొని, వాటిని 15 ఏళ్లలో అసలు, వడ్డీ కలిపి సమాన వాయిదాలుగా తీర్చే రుణాలుగా మార్చింది. వాటిలో దాదాపు అయిదో వంతు ఇళ్లు చివరకు జప్తయ్యాయి. మిగిలిన కుటుంబాలు నిలబడ్డాయి. సొంత ఇళ్లున్న కుటుంబాల వాటా 1930లో 47.8 శాతం నుంచి 1940 నాటికి 43.6 శాతానికి పడిపోయి, 1960 నాటికి 61.9 శాతానికి ఎదిగింది. యుద్ధానంతర ఆదాయాల పెరుగుదలకు దీర్ఘకాలిక రుణ వ్యవస్థ తోడవడం ఆ ఎదుగుదలకు కారణమైంది. అయితే ఆ కాలపు సంస్థలు నల్లజాతివారు నివసించే ప్రాంతాలను నష్టభయం ఎక్కువగల ప్రాంతాలుగా పటాల మీద ఎర్రరంగుతో గుర్తించాయి. ఆ వివక్ష ఫలితంగా ఆశ కూడా అందరికీ సమానంగా పంపిణీ కాలేదు.

రెండో ఘట్టంలో కథ తలకిందులైంది. 2000ల తొలి సంవత్సరాల్లో ఇళ్ల ధరలు ఎప్పటికీ పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకంతో, తీర్చే స్తోమతను సరిగా పరిశీలించకుండా ఇచ్చిన సబ్‌ప్రైమ్ రుణాలు విస్తరించాయి. ఆ కాలంలో ఇళ్లు కొన్నవారిని ప్రశ్నించిన కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్తలకు కొనుగోలుదారులు రాబోయే పదేళ్ల ధరల మీద అసాధారణమైన అంచనాలు పెట్టుకున్నట్టు తేలింది. 2004లో 69 శాతం దాటిన సొంత ఇళ్ల వాటా 2016 నాటికి 63 శాతం కంటే కిందికి దిగింది. దేశవ్యాప్తంగా ఇళ్ల ధరలు నాలుగో వంతుకు పైగా పడిపోయాయి. మొదటి ఘట్టంలో జనానికి ఆశ లేదు గాని దానికి ఆధారమయ్యే వ్యవస్థను ప్రభుత్వం నిర్మించింది; రెండో ఘట్టంలో జనానికి ఆశ అపారంగా ఉంది గాని దాని కింద ఉండవలసిన జాగ్రత్తలను వ్యవస్థే తొలగించింది. ఉత్సాహం ఎంత ఉందన్నదాని కంటే రుణం ఎలా రూపొందిందన్నదే కుటుంబాల భవితవ్యాన్ని నిర్ణయించింది.

భారతీయ గృహరుణం: వాయిదా వెనుక ఉన్న లెక్క

భారతదేశంలో సామాన్యునికి గృహరుణం అందుబాటులోకి వచ్చి అయిదు దశాబ్దాలు మాత్రమే అయింది. 1970లో హడ్కో, 1977లో హెచ్.టి. పారేఖ్ చొరవతో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో జాతీయ గృహ బ్యాంకు ఏర్పడ్డాయి. అంతకుముందు ఇల్లు కట్టడమంటే భవిష్యనిధి సొమ్ము, చీటీ పాట, తాకట్టుపెట్టిన బంగారం, అమ్మిన పొలం, బంధువుల సర్దుబాటు. ఇల్లు కట్టేనాటికి మనిషి ఉద్యోగ విరమణకు చేరువయ్యేవాడు. రుణ వ్యవస్థ వచ్చాక ముప్పయ్యేళ్ల వయసులోనే ఇల్లు సాధ్యమైంది. దానితోపాటు మనిషి పని చేసే వయసులో పెద్ద భాగం వాయిదాకు కట్టుబడిపోవడం కూడా మొదలైంది.

ఈ కట్టుబాటు బరువు అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. 30 లక్షల రూపాయల రుణాన్ని 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీర్చాలంటే నెలవారీ వాయిదా సుమారు 26,035 రూపాయలు. మొదటి నెల వాయిదాలో 21,250 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 5 వేల కంటే తక్కువ. గడువు ముగిసేసరికి కట్టిన మొత్తం 62 లక్షలు దాటుతుంది. అదే రుణాన్ని 30 ఏళ్లకు పొడిగిస్తే వాయిదా 23,067 రూపాయలకు తగ్గి, నెలకు 3 వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. కాని చెల్లించే మొత్తం 83 లక్షలకు చేరి, వడ్డీ రూపంలో 20 లక్షలకు పైగా అదనపు భారం పడుతుంది. దీనికి విరుద్ధంగా, 20 ఏళ్ల రుణం మీద ప్రతి నెలా వాయిదాలో పన్నెండో వంతు, అంటే సుమారు 2,170 రూపాయలు అదనంగా కట్టగలిగిన కుటుంబం దాదాపు పదహారున్నర ఏళ్లలోనే రుణవిముక్తి పొందుతుంది. చలన వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చే వ్యక్తుల నుంచి జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది కనుక ఈ దారి అటువంటి రుణగ్రహీతలకు తెరిచే ఉంది.

చలన వడ్డీ అంటే మార్కెట్‌లోని ప్రామాణిక రేటును బట్టి మారే వడ్డీ. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చలన వడ్డీ గృహరుణాలను బయటి ప్రమాణానికి, అంటే చాలా సందర్భాల్లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటుకు ముడిపెట్టాయి. కోవిడ్ కాలంలో 4 శాతానికి తగ్గిన రెపో రేటు 2022 మే నుంచి పెరుగుతూ 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. తక్కువ వడ్డీ కాలంలో 6.75 శాతానికి 20 ఏళ్ల గడువుతో 30 లక్షలు తీసుకున్న కుటుంబం వాయిదా సుమారు 22,811 రూపాయలు. వడ్డీ రెండున్నర శాతం పెరిగి 9.25కు చేరితే, మిగిలిన అసలు 30 లక్షలకు దగ్గరగా ఉన్నంతకాలం నెల వడ్డీయే 23 వేలు దాటుతుంది. పాత వాయిదా కొత్త వడ్డీకైనా చాలదు. ఇటువంటి స్థితిలో వాయిదా పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, స్థిర వడ్డీకి మారాలా అన్నది రుణగ్రహీత ఎంచుకునే వీలు కల్పించాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి రేటు మళ్లీ తగ్గడం మొదలై జూన్ నాటికి 5.5 శాతానికి దిగింది. ఈ ఎత్తుపల్లాల నుంచి గ్రహించవలసింది ఒక్కటే: 20 ఏళ్ల రుణకాలంలో వడ్డీ పెరిగే దశ, తగ్గే దశ రెండూ వస్తాయి. తగ్గిన దశను చూసి రుణ పరిమాణం నిర్ణయించుకోవడం ప్రమాదకరం. పెరిగిన దశను చూసి ఆశ వదులుకోవడం అనవసరం.

కోవిడ్ సమయంలో 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ఇచ్చిన మారటోరియం, అంటే వాయిదాల విరామం, కష్టకాలపు సహాయానికి ఉన్న పరిమితిని కూడా చూపింది. ఆ ఆరు నెలలూ వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. ఆ కాలానికి చక్రవడ్డీ వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో తీర్పు చెప్పడంతో కొంత ఊరట కలిగింది. అయినా ఆదాయం ఆగిన కుటుంబాలను ఆదుకొనే శాశ్వతమైన బీమా తరహా ఏర్పాటు భారతీయ గృహరుణ వ్యవస్థలో ఇంకా ఏర్పడలేదు. ఇది ఈ వ్యవస్థలోని అతి పెద్ద లోటు.

పేదల ఇల్లు: ప్రభుత్వాల పాత్ర

రుణానికి అర్హత లేని కుటుంబాల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న రూపం మారుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ గ్రామీణ కుటుంబాల్లో దాదాపు 95 శాతం, పట్టణ కుటుంబాల్లో 69 శాతం సొంత ఇళ్లలోనే ఉన్నాయి. ఈ అంకెలు చూసి సమస్య లేదనుకోవడం పొరపాటు. గ్రామంలో సొంత ఇల్లంటే చాలాచోట్ల తాటాకు కప్పు, మట్టిగోడ. పట్టణంలో సొంత ఇల్లంటే చాలాచోట్ల పట్టా లేని స్థలంలో వేసుకున్న రెండు గదులు. 2012లో కేంద్ర ప్రభుత్వ సాంకేతిక బృందం పట్టణ గృహ కొరతను 1.878 కోట్ల ఇళ్లుగా అంచనా వేసింది. అందులో దాదాపు 80 శాతం ఇరుకుతనం వల్ల ఏర్పడినది. కొరతలో 95 శాతానికి పైగా పేద, అల్పాదాయ వర్గాలదే. అదే సమయంలో 2011 లెక్కలు పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు చూపాయి. ఇళ్లు ఉన్నచోట అవసరమున్న మనుషులు లేరు; మనుషులు ఉన్నచోట వారికి అందే ధరలో ఇళ్లు లేవు.

తెలుగునాట ఈ బాధ్యతను ప్రభుత్వాలు చాలాకాలంగా భుజాన వేసుకున్నాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో తీరప్రాంతాన్ని ఊడ్చిపెట్టినప్పుడు బలహీనమైన ఇంటికి, ప్రాణానికి మధ్య ఉన్న సంబంధం రాష్ట్రమంతటికీ తెలిసివచ్చింది. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1980లలో బలహీనవర్గాలకు పక్కా ఇళ్ల కార్యక్రమం ఊపందుకుంది. 1985–86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజనను ప్రారంభించింది. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో పూర్తి రాయితీతో 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభమైన, సొంత స్థలం ఉన్నవారికి అయిదు లక్షల రూపాయలు దశలవారీగా ఇచ్చే ఇందిరమ్మ ఇళ్లు అమలులోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు టిడ్కో అపార్ట్‌మెంట్లు, 2020 డిసెంబరు 25న మొదలై మహిళల పేరుతో సుమారు 30 లక్షల ఇళ్లపట్టాలు ఇచ్చిన కార్యక్రమం గుర్తించదగినవి. కేంద్రం పట్టణాల్లో 2015 నుంచి, గ్రామాల్లో 2016 నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజనను నడుపుతోంది. 2024 సెప్టెంబరు నుంచి అమలవుతున్న దాని పట్టణ రెండో దశలో 35 లక్షల లోపు విలువగల ఇంటికి తీసుకున్న 25 లక్షల లోపు రుణంలో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా 1.80 లక్షల రూపాయల వరకు లభిస్తుంది.

ఈ పథకాల వల్ల లక్షల కుటుంబాలు మొదటిసారి శ్లాబు కింద నిద్రించాయన్నది కాదనలేని సత్యం. అయితే ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు, కొలతలు, ప్రాధాన్యం మారడం, అంతకుముందు మొదలైన ఇళ్ల పనులు నెమ్మదించడం, బిల్లులు నిలిచిపోవడం రెండు రాష్ట్రాల్లోనూ పునరావృతమైంది. 2006 నాటి ఇందిరమ్మ ఇళ్ల బిల్లులు తెలంగాణ ఏర్పడిన తర్వాత విచారణల నడుమ ఆగాయి. టిడ్కో ఇళ్లలో అనేకం 2019 తర్వాత అసంపూర్తిగా నిలిచాయి. పునాది దాకా అప్పు చేసి కట్టుకొని తదుపరి విడత సొమ్ము కోసం ఎదురుచూసే కుటుంబానికి ఎన్నికల ఫలితం ఆర్థిక మాంద్యమంత గట్టి దెబ్బ కావచ్చు. మొదలైన ప్రతి ఇంటినీ, అది ఏ ప్రభుత్వ హయాంలో మొదలైనదైనా, పూర్తిచేయడాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా మార్చడం పేదల ఆశకు ప్రభుత్వాలు చేయగల అత్యంత విలువైన సేవ.

ఇల్లు చేతికొచ్చాక ఏం మారుతుంది?

ఇంటి హక్కు మనిషి మనసును నిజంగా మారుస్తుందా అన్న విషయం మీద నమ్మదగిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరీస్ నగర శివార్లలో 1981లో ఒకే స్థలాన్ని ఆక్రమించుకున్న పేద కుటుంబాల్లో, భూమి అసలు యజమానులు కొందరు పరిహారానికి ఒప్పుకొని మరికొందరు కోర్టుకెక్కిన కారణంగా కొన్నిటికి మాత్రమే పట్టాలు దక్కాయి. కుటుంబాల గుణగణాలతో సంబంధం లేకుండా ఏర్పడిన ఈ తేడాను సెబాస్టియన్ గాలియానీ, ఎర్నెస్టో షార్‌గ్రోడ్‌స్కీ పరిశీలించగా, పట్టా పొందినవారు ఇంటి మీద ఎక్కువ పెట్టుబడి పెట్టినట్టు, వారి పిల్లల చదువు మెరుగుపడినట్టు తేలింది. పట్టా ఉంటే పేదలకు బ్యాంకు అప్పులు వెల్లువెత్తుతాయన్న పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో అంచనా మాత్రం అక్కడ పెద్దగా నిజం కాలేదు. రాఫెల్ డి టెల్లాతో కలిసి 2007లో ప్రచురించిన మరో అధ్యయనంలో, పట్టా పొందినవారిలో మనిషి తన కృషితో పైకి రాగలడన్న నమ్మకం ఎక్కువగా ఉన్నట్టు గాలియానీ, షార్‌గ్రోడ్‌స్కీ చూపారు. అంటే ఆశావాదులు ఇల్లు సంపాదిస్తారన్నది ఎంత నిజమో, ఇంటి భద్రత మనుషులను ఆశావాదులుగా మారుస్తుందన్నదీ అంతే నిజం. మెక్సికోలో మట్టినేలల స్థానంలో సిమెంటు గచ్చు వేయించిన కార్యక్రమంపై 2009లో వెలువడిన అధ్యయనం పిల్లల్లో విరేచనాలు, రక్తహీనత తగ్గినట్టు, తల్లుల్లో కుంగుబాటు తగ్గి సంతృప్తి పెరిగినట్టు చూపింది. ఒక గచ్చు మనసును ఇంత మార్చగలిగినప్పుడు, చెమ్మగిల్లే గోడలు, కారే కప్పులతో కాలం వెళ్లదీస్తున్నవారికి మానసిక ధైర్యం గురించి ఉపన్యాసాలివ్వడం అన్యాయం.

ఏదో ఒక ఇల్లు ఇస్తే చాలదని అహ్మదాబాదు అనుభవం హెచ్చరిస్తుంది. 1987లో అక్కడ లాటరీ ద్వారా పేద మహిళలకు నగర శివార్లలో ఇళ్లు కేటాయించగా, 14 ఏళ్ల తర్వాత పరిశీలించిన బార్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే అనే ముగ్గురు పరిశోధకులకు లాటరీలో గెలిచినవారిలో 34 శాతం అసలు అక్కడికి వెళ్లలేదని, మరో 32 శాతం వెళ్లి తిరిగి వచ్చేశారని తెలిసింది. పనికి, బంధువులకు, కష్టసుఖాల్లో ఆదుకొనే ఇరుగుపొరుగుకు దూరం కావడం అందుకు ప్రధాన కారణం. ఊరికి దూరంగా, బస్సు, బడి, తాగునీరు లేనిచోట సెంటు, సెంటున్నర స్థలాల్లో వెలసిన కాలనీల విషయంలో తెలుగు రాష్ట్రాలు ఈ పాఠాన్ని మనసుకు ఎక్కించుకోవాలి. గృహప్రవేశాల సంఖ్యకు బదులు, అయిదేళ్ల తర్వాత ఆ ఇళ్లలో కాపురముంటున్న కుటుంబాల సంఖ్యను పథకం విజయానికి కొలబద్దగా తీసుకోవాలి.

నమ్మకాన్ని దెబ్బతీసేవి, కాపాడేవి

మధ్యతరగతి ఆశకు వడ్డీరేట్ల కంటే పెద్ద ముప్పు హక్కుపత్రాల అనిశ్చితి నుంచి వస్తోంది. భారతదేశంలో రిజిస్ట్రేషన్ లావాదేవీ జరిగిందనడానికి సాక్ష్యమే తప్ప, అమ్మినవారికి ఆ ఆస్తి మీద తిరుగులేని హక్కుందనడానికి ప్రభుత్వ హామీ కాదు. అందుకే లింకు దస్తావేజులు, ఆస్తి మీద ఉన్న తాకట్టులను తెలిపే ఈసీ, స్థానిక సంస్థ అనుమతి, చెరువు పూర్తి నీటిమట్టం పరిధి వంటివన్నీ కొనేవారే సరిచూసుకోవలసి వస్తోంది. హైదరాబాదులో చెరువుల పరిధిలోని నిర్మాణాలను హైడ్రా సంస్థ 2024లో కూల్చివేయడం మొదలుపెట్టినప్పుడు ఈ బలహీనత అందరి కళ్లకూ కట్టింది. చెరువులను కాపాడటం నగర మనుగడకు తప్పనిసరి. అయితే అనుమతిచ్చిన కార్యాలయం, అప్పిచ్చిన బ్యాంకు, కట్టి అమ్మిన సంస్థ నష్టం లేకుండా తప్పించుకొని, కొన్న కుటుంబమే మొత్తం భారం మోయడం న్యాయం అనిపించుకోదు. అనుమతులు రాకముందే తక్కువ ధర చూపి సొమ్ము వసూలు చేసే ప్రీ లాంచ్ అమ్మకాలు, విభజన కాని భూమిలో వాటా రాసిచ్చే ఒప్పందాలు ఇదే కోవకు చెందినవి. ఇవి అవాస్తవిక ఆశావాదాన్ని పెట్టుబడిగా చేసుకున్న వ్యాపారాలు.

వీటికి విరుగుడుగా 2016లో వచ్చి 2017 మే నుంచి పూర్తిగా అమలైన స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, కొన్ని గట్టి రక్షణలు కల్పించింది. 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు మించిన నిర్మాణాలను నమోదు చేయకుండా అమ్మరాదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ఆ నిర్మాణానికే కేటాయించిన ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతం మించి వసూలు చేయరాదు. ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలను అమ్మినవారే సరిచేయాలి. గడువు తప్పితే వడ్డీతో సొమ్ము వెనక్కి తీసుకొనే హక్కు కొన్నవారికి ఉంటుంది. 2018లో దివాలా చట్ట సవరణ ఇళ్లు కొన్నవారిని ఆర్థిక రుణదాతలుగా గుర్తించగా, ఆ మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చట్టం చెప్పినదానికి, ఆదేశాలు అమలై సొమ్ము చేతికొచ్చేదానికి మధ్య దూరం ఇంకా ఎక్కువగానే ఉంది. ఆ దూరాన్ని తగ్గించడం కొత్త చట్టాలు చేయడం కంటే అత్యవసరం.

అద్దె ఇంట్లో భవిష్యత్తు ఉండదా?

భవిష్యత్తు మీద నమ్మకానికి సొంత ఇల్లు తప్పనిసరి షరతు అన్న వాదాన్ని కూడా ప్రశ్నించాలి. జర్మనీలో సగానికి పైగా కుటుంబాలు అద్దె ఇళ్లలో ఉంటాయి. అక్కడ అద్దె ఒప్పందాలు సాధారణంగా గడువు లేనివి కావడం, కారణం లేకుండా ఖాళీ చేయించడం కుదరకపోవడం వల్ల అద్దెదారు కూడా తరాలపాటు స్థిరంగా బతకగలడు. సింగపూరు దీనికి భిన్నంగా, 1960లో ఏర్పడిన గృహాభివృద్ధి మండలి ద్వారా, 1968 నుంచి ఉద్యోగుల భవిష్యనిధిని ఇంటి కొనుగోలుకు వాడుకొనే అవకాశం ద్వారా అత్యధిక కుటుంబాలను యజమానులుగా మార్చింది. రెండు దారులూ వేరైనా చేరిన గమ్యం ఒకటే: ఎవరూ తమను హఠాత్తుగా వీధిలోకి నెట్టలేరన్న భరోసా. జీవించే హక్కులో నివాసపు హక్కు ఇమిడి ఉందని భారత సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పినది కూడా ఈ భరోసా గురించే. కులం, మతం, ఆహారం, ఒంటరి స్త్రీ అన్న కారణాలతో అద్దె నిరాకరించే పట్టణాల్లో, ఏటేటా అద్దె పెంపుకు భయపడే కుటుంబాలకు సొంత ఇంటి ఆరాటం పెట్టుబడి లెక్కను మించినది; అది గౌరవం కోసం వెతుకులాట. అద్దెదారుకు చట్టం గౌరవం కల్పించిన రోజున, తొందరపడి తాహతుకు మించిన రుణంలో దిగవలసిన ఒత్తిడి కూడా తగ్గుతుంది. రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదన్న 2021 కేంద్ర నమూనా అద్దె చట్టాన్ని రాష్ట్రాలు మనసుపెట్టి పరిశీలించవలసిన కారణం ఇదే.

తేలిన విషయాలు

ఈ సమీక్షలోని ఆధారాలు సామాన్య కుటుంబం ముందు ఒక ఆచరణీయమైన దారిని ఉంచుతాయి. నేటి వడ్డీకి రెండు శాతం కలిపి లెక్కవేసిన వాయిదాను కూడా మోయగలిగినంత రుణమే సురక్షితమైనది; 8.5 శాతం దగ్గర 26,035 రూపాయలుండే వాయిదా 10.5 శాతం దగ్గర 29,951 రూపాయలు అవుతుందని తెలిసి తీసుకునే నిర్ణయం, తెలియక తీసుకునే నిర్ణయం ఒకటి కావు. ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్మును చేతికి అందేలా ఉంచుకోవడం, సంపాదించే మనిషి ప్రాణానికి రుణానికి తగిన బీమా చేయడం, హక్కుపత్రాలను న్యాయవాది చేత పరీక్ష చేయించడం, ఇంటికి, పనికి మధ్య దూరాన్ని ధరతో సమానంగా తూచడం ఆశను బలపరిచే పనులు. ఉద్యోగాల కోతలు, వీసా అనిశ్చితి నడుమ బతుకుతున్న ప్రవాస తెలుగు కుటుంబాలు ఒకవైపు అక్కడి ఇంటి రుణం, మరోవైపు స్వగ్రామం పక్క ప్లాటు వాయిదాలు మోస్తున్నప్పుడు ఇవే సూత్రాలు రెట్టింపు బలంతో వర్తిస్తాయి. ధర పెరుగుతుందని కొన్న రెండో ఆస్తి కోసం, కాపురముండే మొదటి ఇంటిని ప్రమాదంలో పడేయడం ఏ లెక్కలోనూ ఇమడదు.

కొంతమందికి ఈ సంవత్సరం కొనకపోవడమే ఆశను కాపాడుకొనే మార్గం కావచ్చు. వాయిదా వేసిన కలను ఓటమిగా చూడనవసరం లేదు. మార్జిన్ సొమ్ము, అంటే బ్యాంకు ఇవ్వని మిగతా వాటా, కూడబెట్టుకుంటున్న ప్రతి నెలా ఇంటి నిర్మాణంలో భాగమే. 30 లక్షల లోపు రుణాలకు ఇంటి విలువలో 90 శాతం వరకు ఇచ్చే వీలున్నా, స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఆ లెక్కలోకి రావు కనుక, పొదుపు లేకుండా కొన్న ఇల్లు మొదటి రోజు నుంచే చేబదుళ్ల మీద నిలుస్తుంది.

అయితే బాధ్యతనంతా కుటుంబం మీదికి నెట్టే సలహాలు అసంపూర్ణమైనవి. 1930లలో అమెరికన్ కుటుంబాలను నిలబెట్టింది వాటి పొదుపు ఒక్కటే కాదు, అసలు, వడ్డీ కలిపి తీర్చే దీర్ఘకాలిక రుణం కూడా. బ్యూనస్ ఎయిరీస్ శివార్లలో జనం మనసు మార్చింది ధైర్యవచనాలు కాదు, పట్టా. భారతదేశంలో ఆదాయం ఆగినప్పుడు వాయిదాను మోసే బీమా, రాజ్యం పూచీపడే హక్కుపత్రం, ప్రభుత్వాలు మారినా ఆగని పేదల ఇళ్ల నిర్మాణం, అద్దెదారుకు న్యాయమైన రక్షణ అన్న నాలుగూ ఇంకా అరకొరగానే ఉన్నాయి. ఇవి అసాధ్యమైన కోరికలు కావు; ఒక్కొక్కటీ ప్రపంచంలో ఏదో ఒక చోట ఆచరణలో ఉన్నదే. మాంద్యాలు, ధరల పెరుగుదలలు, వడ్డీల ఎత్తుపల్లాలు మున్ముందు కూడా వస్తాయి. వాటి నడుమ తెలుగు కుటుంబం ఇంటి మీద పెట్టుకున్న నమ్మకం సమంజసమైనదే, అవసరమైనదే. ఆ నమ్మకానికి తగిన వ్యవస్థను నిర్మించమని పాలకులను, బ్యాంకులను, న్యాయస్థానాలను గట్టిగా అడగడం కూడా ఆ ఆశలో విడదీయరాని భాగమే.